కంపన నిదానము

మన భాషలో నిదానమను మాటకు రెండర్థములు గలవు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలమును గుర్తించుట. ఇంటి మాటలలో నిదానమనగా తొందరపడకుండుట. చిన్ననాట మా తాతగారి అలమారలో మాధవనిదానమను గ్రంథపు టట్టను చూచి, అది మెల్లగా నడచువారి కథ కాబోలునని మేము తలచితిమి. ఈ రెండర్థములును ఒక్క మాటలో నేల కాపురము చేయుచున్నవో తరువాత మాకు తెలిపినది వైద్యుడు గాడు, పండితుడును గాడు. రేడియోతో నడపబడు ఒక చిన్న హెలికాప్టరు.

చదువరులు దీనిని తీర్థములలో దొరకు ఆటవస్తువని తలపరాదు. మా యింటనుండి కాలేజీలో చదువుకొనుచున్న మా మేనకోడలు, తాను దాచుకొన్న సొమ్మునకు మావలన కొంత చేర్చుకొని, ఈ సరదాను విడిచిపెట్టుచున్న యొకరియొద్ద దానిని కొన్నది. ఒక్కొక్క ఱెక్క 600 మిల్లీమీటర్ల పొడవు. ఱెక్కలు తిరుగునపుడు ఏర్పడు వలయమునకు అడ్డుకొలత సుమారు 1350 మిల్లీమీటర్లు. బ్యాటరీతో కూడ బరువు మూడున్నర కిలోలు. మెల్లగా ఎగురవేయునపుడే నిమిషమునకు 1800 చుట్లు, అనగా సెకనుకు 30 చుట్లు తిరుగును. లెక్క కట్టినచో ఱెక్క కొన గంటకు 450 కిలోమీటర్లకు మించిన వేగమున పోవుచున్నది. నూటయిరువది గ్రాముల ఱెక్క ఆ వేగమున తన్ను పట్టియున్న బోల్టును సుమారు 150 కిలోల బరువుతో బయటికి లాగును. ఆ బోల్టు మన చిటికెనవ్రేలి సగము లావైనను ఉండదు. ఇట్టి యంత్రము వణకుచున్నదనగా అందము చెడినదని కాదు. ఒక్కొక్క స్క్రూను తనంతట తాను విప్పుకొనుచున్నదని యర్థము.

ఈ యంత్రము మా యింటికి వచ్చిన నాటినుండియు వణకుచునే యుండెను. నేల విడువకముందే దాని కాళ్లు గడ్డిలో గజగజలాడెను. తోక చివరనున్న నిలువు ఱేకు అంచు ఒకటికి రెండుగా కనబడెను. ఈ సంగతి మా మేనత్తగారి చెవిని బడగానే, 'ఆడపిల్ల కన్ను పోతే ఎవరురా దిక్కు?' అని మమ్ము నిలదీసిరి. వారి భయము మాకు సమ్మతమే. ఆడపిల్ల కన్నని ప్రత్యేకించుట మాత్రము సమ్మతము గాదు. మగపిల్లవాని కన్ను పోయినను తిరిగి రాదు గదా! తుదకొక యొప్పందము కుదిరినది. సంక్రాంతి సెలవులు ముగియునాటికి ఆ వణకునకు కారణము తెలిసి, అది కుదురవలెను. లేనియెడల యంత్రమును అమ్మివేయవలెను. అంతవరకు అది మోకాలి యెత్తునకు మించి లేవరాదు.

మన దేశమున రోగి కనబడినచో సలహాలకు కొదవ యుండదు. ఒక మిత్రుడు, తప్పంతయు జైరోది, క్రొత్తది కొనుమనెను. రెండవవాడు జైరో క్రింద మెత్తని స్పాంజి రెండు పొరలు అంటింపుమనెను. మూడవవాడు ధనికుడు; ఱెక్కలు, ఇరుసులు, బేరింగులు అన్నియు ఒక్కపెట్టున మార్చివేయుమనెను. ప్రక్కయింటి యామె దిష్టి తీయుమనిరి. ఈ నాలుగింటిలో దిష్టి తీయుటయే మేలని మా యభిప్రాయము. అది చౌక, పైగా దానివలన ఏ లోపమును మఱుగున పడదు.

తక్కినవానిలో స్పాంజి సలహా మిక్కిలి ప్రమాదకరమైనది. ఏలయన అది ఫలించును. జైరో యనునది యంత్రము ఏ వైపునకు ఎంత వేగమున తిరుగుచున్నదో కనిపెట్టి, క్షణక్షణమును సరిదిద్దు చిన్న పరికరము. వణకు మితిమీరినపుడు అది వణకునే తిరుగుటగా భ్రమించి, లేని దోషమును దిద్దబోవును. తోక అటునిటు కొట్టుకొనును. దాని క్రింద మెత్తని పొరలు వేసినచో దానికి చెవుడు వచ్చును, తోక కుదుటపడును, చూచువారికి రోగము పోయినట్లే తోచును. కాని వంగిన ఇరుసు వంగియే యుండును. అరిగిన బేరింగు అరుగుచునే యుండును. బోల్టు వదులగుచునే యుండును. కనిపెట్టి చెప్పు ఒక్క సాక్షి నోరు మాత్రము మూయబడినది. జైరో తయారుచేయువారే పలుచని స్పాంజి బిళ్ల నొకదాని నిచ్చుటయు గలదు. అది ప్రతి యంత్రమునను మిగులు సన్నని కంపనమునకు ఏర్పడినది. దానిని మేము తప్పుపట్టము. పొరమీద పొర వేయుటయే మా యాక్షేపణ.

అన్నియు ఒకేసారి మార్చుట ధనవ్యయమే కాక జ్ఞానవ్యయము కూడ. వణకు ఆగినను ఏది దోషియో తెలియదు. ఆగకపోయిన క్రొత్త వస్తువులలోనే దోషమున్నదేమో యను సందేహము అదనముగా చేరును.

ఇక మా మేనకోడలు చేసిన పని చెప్పెదము. ఆమె మొదట ఏ స్క్రూను ముట్టలేదు. ఒక నోటుపుస్తకము తీసి మూడంకెలు వ్రాసెను. ప్రధానపు ఱెక్కలు సెకనుకు 30 చుట్లు. తోకలోని చిన్న ఱెక్కలు వానికి నాలుగున్నర రెట్లు తిరుగునట్లు పండ్లచక్రములు అమర్పబడినవి. కావున 135 చుట్లు. మోటారు పది రెట్లు. కావున 300 చుట్లు. తిరుగు వస్తువేదైనను బరువు తప్పినచో తన చుట్ల లెక్కకు సరిపోవునట్లే యంత్రమును వణకించును. ముప్పది లెక్కగల వణకు పెద్దది, మొరటుది. కాళ్లను, దేహమునంతను ఊపును. నూటముప్పదియైదు లెక్కది సన్నని జుమ్మను మోత. ఱేకుల యంచులలో కనబడును. మూడువందలది చెవికి గీయను ధ్వనిగా తోచును. నేటి జైరోలలో కొన్ని యీ లెక్కలను తామే గుర్తించి గీత గీసి చూపును. మాది అట్టిది కాదు. అయినను గీత చూపునది వేగమును మాత్రమే. నూటముప్పదియైదు అని తెలిసినచో తోకయని తెలిసినది. తోకలో ఱెక్కయా, ఇరుసా, బేరింగా యనునది విప్పిచూచినగాని తెలియదు.

మా యంత్రమునకు రోగము ఒకటి గాక రెండని యీ యంకెలవలననే మాకు మొదట అనుమానము కలిగినది. కాళ్ల యూపు వేఱు, తోకఱేకు మసక వేఱు. సలహా చెప్పినవారందఱును వణకు అని ఏకవచనముననే మాటలాడిరి.

పరీక్ష యనునది తీసివేతల లెక్క. కోత కోసిన పొలములో గడ్డిమీద యంత్రమును నిలిపి, తాను పది మీటర్ల యెడమున నిలిచి, మొదట ఉన్నదున్నట్లు నేలమీదనే త్రిప్పి చూచెను. పిదప బ్యాటరీ ఊడదీసి, ప్రధానపు ఱెక్కలు రెండును తొలగించి, మరల అదే వేగమున త్రిప్పెను. కాళ్ల యూపు పూర్తిగా పోయెను. తోకఱేకు మసక అట్లే యుండెను. ఒక్క తీసివేతతో ఇల్లు రెండు గదులైనది. ఒక్కొక్క దొంగ ఒక్కొక్క గదిలో నున్నాడు. తరువాత తోకలోని చిన్న ఱెక్కలు తీసి త్రిప్పగా మసక తగ్గెను గాని పోలేదు. కావున దోషము ఆ ఱెక్కలకు లోపల, ఇరుసులోనో బేరింగులోనో యున్నది. ప్రతి మార్పునకును ముందు బ్యాటరీ ఊడదీయుటలో ఆమె ఒక్కసారియైనను ఉపేక్షింపలేదు. ప్రధానపు ఱెక్కలు లేవుగదా యని తోకకు చేరువగా చేయి పెట్టువారు కలరట. చిన్న ఱెక్కయైనను సెకనుకు నూటముప్పదియైదు మారులు తిరుగునది చిన్నది కాదు.

తోక ఇరుసును విప్పి అద్దముమీద దొర్లించితిమి. మనకంటికి తిన్ననిదిగానే యుండెను. కాని దీపమునకు ఎదురుగా అద్దమును పట్టి దొర్లించినపుడు ఇరుసు క్రింద సన్నని వెలుగు గీత చుట్టున కొకమారు పుట్టి మాయమగుచుండెను. వెండ్రుకంత వంపు! ఎన్నడో పడిపోయినపుడు తోక నేలకు తగిలియుండును. దాని ప్రక్క బేరింగును వ్రేలిపై త్రిప్పగా లోపల ఇసుక నమిలినట్లు తోచెను. రెండును ఒకేసారి మార్చినచో కాలము కలిసివచ్చునని మేమంటిమి. 'వద్దు మామయ్యా! మొదట ఇరుసు మార్చి చూద్దాం. ఎంత తగ్గిందో తెలియాలి కదా' అని ఆమె యనెను. ఇరుసు మార్చగా మసక మూడు వంతులు పోయెను. బేరింగు మార్చగా తక్కినదియు పోయెను. వంగిన ఇరుసే బేరింగును చెఱచియుండునని ఆమె తన పుస్తకములో వ్రాసికొన్నది. బేరింగును మాత్రమే మార్చియున్నచో నెల దిరుగకముందే మరల ఇసుక నమలెడిది.

ఇక పెద్ద యూపు. నడిమి ఇరుసును, ఱెక్కల పట్లను కలుపు స్పిండిలును అదే యద్దముమీద దొర్లించితిమి, రెండును నిర్దోషులు. అప్పుడు ఱెక్కలను త్రాసులో వేసితిమి. ఒకటి 121.4 గ్రాములు, మఱియొకటి 122.6 గ్రాములు. ఒక గ్రామున్నర కూడ లేని భేదమేమి చేయునని చదువరులు నవ్వవచ్చును. సెకనుకు ముప్పది చుట్లు తిరుగునపుడు ఆ భేదము నడిమి ఇరుసును సుమారు ఒకటిన్నర కిలోల బరువుతో ఒక ప్రక్కకు లాగును. ఆ ప్రక్క సెకనుకు ముప్పదిసార్లు దిక్కు మార్చుకొనును. ఱెక్క కొనకు గ్రాములో పదవ వంతు టేపు అంటించినను పావుకిలో లాగుడు పుట్టునని మా లెక్కలో తేలినది. సూక్ష్మమున మోక్షమన్నారు; సూక్ష్మమున బంధమును గలదు.

ఱెక్కలు సరితూచుటలో ఒక మర్మము గలదు. దానిని కొంచెము విస్తరించి చెప్పుట అవసరము. సాధారణముగా రెండు ఱెక్కలను మొదళ్ల రంధ్రములలో ఒకే బోల్టుతో కలిపి, ఉయ్యాలపలకవలె నిలిపి, ఏది వంగునో దాని యెదుటిదానికి టేపు అంటింతురు. పలక సమముగా నిలిచినచో పని యైనదందురు. కాని ఉయ్యాల ఆ బోల్టు రంధ్రము చుట్టును ఊగును. ఎగురునపుడు ఱెక్క తిరుగునది నడిమి ఇరుసు చుట్టును. రంధ్రమునకును ఇరుసునకును నడుమ మా యంత్రమున ఏడు సెంటీమీటర్ల దూరమున్నది. కావున బరువులు వేఱై, బరువు కేంద్రముల దూరములు వేఱై, ఆ రెండు తప్పులును ఒకదానినొకటి కప్పుకొన్నచో ఉయ్యాల సమముగానే నిలుచును. గాలిలో మాత్రము యంత్రము వణకును. అందుచే ముందుగా ఒక్కొక్క ఱెక్కను గుండ్రని పెన్సిలుపై నిలిపి, అది తులదూగు చోట గీత గీయవలెను. మావానికి గీతలు నాలుగు మిల్లీమీటర్ల తేడాగా వచ్చెను. గీత మొదటివైపుగా నున్న ఱెక్క కొనకు కొంచెము టేపు చుట్టి, రెండు గీతలను ఒకే దూరమునకు తేవలెను. పిమ్మట ఇంకను తేలికగా నున్నదానికి ఆ గీతమీదనే టేపు చుట్టి బరువు సరిచేయవలెను. గీతమీద చుట్టిన టేపు కేంద్రమును కదల్పదు. ఈ క్రమము తలక్రిందైనచో కేంద్రము సరియగును, బరువు చెడును. మరల మొదటికి వచ్చును. ఒక సాయంకాలమంతయు ఈ పనికే సరిపోయినది. మా మేనత్తగారు కూడ కుర్చీ జరుపుకొని వచ్చి, బంగారము తూచువారివలె కండ్లద్దములు సవరించుకొని త్రాసును చూచుచు కూర్చుండిరి.

ఱెక్కలను బిగించుటలో మఱియొక లోపము బయలుపడినది. వెనుకటివారు బోల్టులను బలముకొలది బిగించియుండిరి. అట్లు బిగింపరాదు. యంత్రమును ప్రక్కకు వంచి కొంచెము కదల్చినచో ఱెక్క తన బరువునకు తానే జాఱునంత పట్టు చాలును. తిరుగునపుడు ఆ నూటయేబది కిలోల లాగుడే ఱెక్కను తిన్నని త్రోవలో నిలుపును. మనము ముందే కదలకుండ బంధించితిమా, వంకరగా బంధించిన వంకరగానే తిరుగును.

ఇంతటితో కాళ్ల యూపు చాలవరకు తగ్గెను. మోకాలి యెత్తున నిలిపినపుడు కొంచెము మిగిలెను. దీనికి త్రాసు పనికిరాదు. రెండు ఱెక్కలును ఒకే బరువైనను, ఒకటి గాలిని ఎక్కువ కోణమున కోసినచో అది పైత్రోవను పోవును, రెండవది క్రింది త్రోవను పోవును. ఇదియు సెకనుకు ముప్పది లెక్కనే వణకించును. అంకె ఒక్కటే, కారణము వేఱు. దీనిని కనుగొనుటకు మనుష్యుల నెక్కించుకొని పోవు పెద్ద హెలికాప్టర్లకు పూర్వము వాడిన ఉపాయము చిత్రమైనది. ఱెక్కల కొనలకు వేర్వేరు రంగుల సుద్ద పూసి, ఒక కఱ్ఱకు గుడ్డ కట్టి, ఆ గుడ్డ తిరుగుచున్న కొనలకు తగిలీ తగులకుండునట్లు మెల్లగా చేర్చెడివారు. ఏ రంగు ఎంత యెత్తున అంటినదో చూచి ఱెక్కలను సవరించెడివారు. చిన్న యంత్రమునకు అట్టి సాహసము వలదు. ఒక కొనకు ఎఱ్ఱ టేపు, మఱియొక కొనకు నల్లటేపు అంటించి, దూరమునుండి ప్రక్కవాటుగా చూచిన చాలును. ఎఱ్ఱ గీత క్రిందను, నల్లగీత పైనను కనబడెను. ఎఱ్ఱదాని లింకును అర చుట్టు త్రిప్పి పొడిగించినంత రెండు గీతలును ఒకటైపోయెను.

ఆ పెద్ద యంత్రములకు ఈ చిన్నవి వారసులని మనము తలంతుము. ఒక విధమున పెద్దవానికే చిన్నవి తల్లులు. అమెరికా దేశమున ఆర్థర్ యంగ్ అనునతడు 1928వ సంవత్సరము మొదలు 1941వ సంవత్సరము వఱకు, మనుష్యుడెక్కు హెలికాప్టరును కట్టక, చిన్న నమూనాలతోనే ప్రయోగములు చేసెను. పెన్సిల్వేనియాలో ఒక పాత కొట్టమును సవరించుకొని, తీగెల ద్వారా దూరమునుండి నడపుచు, అవి ఏల పొరలుచున్నవో చూచెను. ఱెక్కలకు అడ్డముగా కొనలయందు బరువులు గల యొక కడ్డీని అమర్చినచో యంత్రము కుదురుగా నిలుచునని ఆ నమూనాలే అతనికి తెలిపినవి. 1941లో అతడు వానిని బెల్ కంపెనీవారికి చూపెను. దాని ఫలముగా పుట్టిన బెల్ 47 అనునది 1946 మార్చి 8వ తేదీన పౌరుల వాడుకకు అనుమతిపత్రము పొందిన మొట్టమొదటి హెలికాప్టరయ్యెను. పదుమూడేండ్లు నమూనాలు పడిపోయినను ఒక మనుష్యుని ప్రాణమైనను పోకుండుట ఆ పద్ధతి గొప్పతనము. 1970 ప్రాంతమున జర్మనీలో డీటర్ ష్లూటర్ రేడియోతో నడచు నమూనాను కుదురుగా ఎగురవేసిన పిమ్మట, అట్టి కడ్డీయే మన చిన్న యంత్రములపైనను చాలకాలము నిలిచెను. ఇప్పటివానిలో కడ్డీ పోయి, దాని స్థానమున జైరోలు వచ్చినవి. కడ్డీకి వణకు తెలియదు, జైరోకు తెలియును. అందుచేతనే వెనుకటికంటె ఇప్పుడు నిదానము ముఖ్యమైనది.

సెలవులలో కడపటి యాదివారమునాడు యంత్రము మొదటిసారి తలయెత్తునకు మించి లేచినది. తోకఱేకు అంచు ఒక్క గీతగా కనబడెను. స్పాంజి ఒక్క బిళ్లయే. అది కూడ తయారుచేసినవారిచ్చినదే. మా మేనత్తగారు ముగ్గుపిండితో గీయించిన గీతకు ఇవతల కూర్చుండి చూచిరి. అమ్ముట సంగతి వారును ఎత్తలేదు, మేమును జ్ఞాపకము చేయలేదు. క్రొత్త నియమము మాత్రమొకటి వారే ఏర్పఱచిరి: పదిసార్లు ఎగిరిన పిమ్మట ప్రతి బోల్టును చేతితో తాకి చూచి, నోటుపుస్తకములో చేవ్రాలు చేయవలెను. మా మేనకోడలు దీనికి సంతోషముగా ఒప్పుకొన్నది.

ఇంకను ఒక సన్నని గీయను ధ్వని మిగిలియున్నది. అది మోటారు లెక్కదని ఆమె యనుమానము. దానిని తేల్చవలెనన్న మోటారును పండ్లచక్రమునుండి ఎడబాపి ఒంటరిగా త్రిప్పవలెను. అందుకు దాని చిన్న చక్రమును బిగించిన స్క్రూ ఊడిరావలెను. వెనుకటివారు దానికి గట్టిపడు జిగురు పెట్టియుండిరి. బలిమిని త్రిప్పినచో తల అరిగిపోవును గాని స్క్రూ రాదు. టంకము వేయు కడ్డీని దాని తలకు కొంతసేపు ఆనించి వేడి చేసినచో జిగురు మెత్తపడును. కడ్డీ మా యింట లేదు. వీధి చివర రేడియోలు బాగుచేయు నతడు వచ్చు శనివారమునాడు ఇచ్చెదననెను.